తిప్పి చూడని మోకాలు

తారు రోడ్డు మీద కబడ్డీ ఆడకూడదని తెలియని ఆటగాళ్ళు ఉండరు. మాకూ తెలుసు. తెలిసే ఆడాం.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు డిపోల్లో ఉండిపోయాయి, బళ్ళకు తాళాలు పడ్డాయి, ఆఫీసుల్లో కుర్చీలు తప్ప మనుషులు లేరు. రోడ్లు మాత్రం కిటకిటలాడేవి. నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వండుకుని అక్కడే బంతిలో కూర్చుని తినడం, బతుకమ్మ ఆడడం, కబడ్డీ ఆడడం, అన్నీ ఉద్యమమే. జనగామ దగ్గర హైదరాబాదు రోడ్డు మీద ఆడపిల్లల కబడ్డీ పెడుతున్నామని కబురు చేస్తే, మానుకోట డిగ్రీ కాలేజీ నుంచి మా జట్టు వ్యానెక్కి పోయింది. దారి పొడవునా అరిచి అరిచి గొంతులు బొంగురుపోయాయి. జనగామవాళ్ళు పాపం కంకర ఏరి, చీపుర్లతో ఊడ్చి, ముగ్గుపిండితో గీతలు గీసి పెట్టారు. ఎంత ఊడిస్తే మాత్రం తారు మట్టవుతుందా?

మా జట్టులో నేను కూతకు పోయేదాన్ని. పరుగులో నన్ను మించినవాళ్ళు చాలామంది ఉండేవారు. నా బలమంతా మలుపులోనే. అవతలి వైపు ఎవరో ఒకరిని తాకి, వాళ్ళ చేతులు నా మీద పడేలోగా మడమ మీద గిర్రున తిరిగి గీత దాటడం. ఆ రోజు కూడా అలాగే తాకాను. మూలన నిలబడ్డ ఒక పొడుగాటి పిల్ల నా చీలమండ దొరకబుచ్చుకుంది. అలవాటు కొద్దీ తిరిగాను. ఒళ్ళు తిరిగింది, పాదం తిరగలేదు. మట్టి అయితే పాదం జారి బతికిపోయేది. తారు పట్టుకుని వదల్లేదు. మోకాలి లోపల టప్పుమని చప్పుడైంది. నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. నేను కూలబడితే, ఉద్యమం కోసం పడ్డానని జనం ఇంకా గట్టిగా జై కొట్టారు.

ఆ పొడుగు పిల్ల కావాలనే మెలితిప్పిందని నా అనుమానం. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. కిరాణా కొట్టులో ముల్లు నిలిచేదాకా త్రాసు మీద నుంచి కళ్ళు తీయను. ఎవరైనా ఉత్తపుణ్యానికి నవ్వితే ఎందుకు నవ్వారా అని ఇంటికొచ్చాక కూడా ఆలోచిస్తాను. మా యాడి, అంటే అమ్మ, "దీన్ని కన్ననాడు మంత్రసానిని గూడ అనుమానంగనే జూసింది" అంటుంది. మాది గూడూరు పక్కన తండా. ఇంట్లో మా మాట వేరు. తెలుగు నేను బళ్ళో నేర్చుకున్నాను. ఇంటివాళ్ళ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కానీ, మేం కొట్టుకున్నా తిట్టుకున్నా మా మాటలోనే.

గూడూరు ఆర్ఎంపీ బెణికిందని పట్టీ కట్టాడు. వాపు తగ్గింది, కాలు మాత్రం నాది కాకుండా పోయింది. మా ఆటల సారు వరంగల్ పంపి స్కానింగ్ తీయిస్తే, మోకాలి ముందు లిగమెంటు తెగిందని తేలింది. తొడ ఎముకనూ కాలి ఎముకనూ లోపల పట్టి ఉంచే తాడు అది. తెగితే అతకదట. ఒంట్లోనే మరోచోటి నుంచి నరం తీసి, ఎముకల్లో రంధ్రాలు వేసి, కొత్త తాడు బిగించాలట. విని నా పైప్రాణం పైనే పోయింది.

కోతకు కాదు నా భయం. డిగ్రీ కాగానే బి.పి.ఎడ్.లో చేరి ఆటల టీచరు కావాలని నా పట్టుదల. ఆ సీటు కావాలంటే మైదానంలో ఆడి చూపించాలి. నాకు చూపించడానికి ఆ మలుపు తప్ప ఏముంది? మోకాలు తిరగకపోతే తండాలో మిరపకాయలు ఏరుకుంటూ కూర్చోవలసిందే. ఆ సంగతి ఇంట్లో అందరికంటే మా అన్నకు బాగా తెలుసు.

అన్న అప్పుడు చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీ దగ్గర కొత్త కట్టడాల్లో పరంజా కట్టే పనిలో ఉండేవాడు. ఇనుప గొట్టాలు ఒకదానికొకటి బిగించి, మనుషులు నిలబడి పనిచేసుకునేలా మెట్టు మీద మెట్టు లేపుకుంటూ పోవడం. సమ్మెలో జెండా పట్టుకుని ముందు నడిచినవాడు. నా మోకాలి సంగతి తెలియగానే వచ్చి, "నీ ఆట యాడికి బోదు, నేనున్న" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఏడుపొచ్చింది.

హన్మకొండలో మోకాళ్ళు బాగా చేస్తాడని ఒక డాక్టరు పేరు ఎవరో చెబితే, అన్న నన్ను ఆటోలో తీసుకుపోయాడు. డాక్టరు నోరు తెరవగానే కోస్తా మాట. అన్న మొహం మాడిపోయింది. నేను ఎప్పటిలా ఆయన చేతులే చూస్తూ కూర్చున్నాను.

"ఏం ఆడతావమ్మా?" అని అడిగాడు.

"కబడ్డి."

"కూతకెళ్తావా, పట్టుకుంటావా?"

"కూతకు పోత."

"వెళ్ళేటప్పుడు పోయిందా, తిరిగేటప్పుడు పోయిందా?"

"తిరిగేటప్పుడే సార్. పాదం ఆగింది, మోకాలు ఎనుకకు మర్లింది."

పక్కన ఒక అసిస్టెంటు ఉన్నాడు. నా మాట ఇంకా పూర్తి కాకముందే "ఎనుకకు మర్లిందా, దవాఖానకు ఉర్కొచ్చిండ్రా?" అని సినిమాల్లో జోకర్ల చేత పలికించినట్టు పలికి, కిసుక్కున నవ్వాడు. అక్కడున్న నర్సు కూడా మొహం తిప్పుకుని నవ్వింది. డాక్టరు నవ్వలేదు. కానీ ఆపనూ లేదు. అన్న పిడికిలి బిగుసుకోవడం నేను చూశాను.

అప్పుడే డాక్టరు నన్ను పడుకోబెట్టి కాలు పట్టుకున్నాడు. మొదట ముందుకు లాగి చూశాడు. తర్వాత మడమ పట్టుకుని పాదాన్ని లోపలికి తిప్పి, రెండో చేత్తో మోకాలిని పక్క నుంచి నెడుతూ మెల్లగా వంచాడు. ఎముక మీద ఎముక కటుక్కుమని జారి మళ్ళీ కూర్చుంది. నేను పెట్టిన కేకకు బయట కూర్చున్నవాళ్ళు లేచి నిలబడి ఉంటారు. ఆయన నా మొహం కూడా చూడకుండా మళ్ళీ అదే పని చేశాడు. ఆ ఘడియలో ఆ మనిషిని కొట్టేదాన్నే.

"తాడు వేయడం ఒక్కటే కాదమ్మా, ఎక్కడ వేశామన్నది ముఖ్యం," అన్నాడు చేతులు కడుక్కుంటూ. "నీ తాడు ఏటవాలుగా ఉండేది. కొత్తదీ అలాగే ఉండాలి. నిలువుగా వేస్తే నడకకు సరిపోతుంది, నీ ఆటకు సరిపోదు. ముందు వాపు పూర్తిగా తగ్గి కాలు బాగా వంగాలి. కొన్నాళ్ళు ఆగి రండి, తొందరేం లేదు."

బయటికొచ్చాక అన్న చెప్పులు వేసుకుంటూనే మొదలుపెట్టాడు.

"ఏటవాలంట, నిలువంట. కతలు వడుతున్నడు. చూసినవా, నువ్వు మొత్తుకుంటుంటే కావాలని మల్ల తిప్పిండు. మన మాట జూసి నవ్వెటోళ్ళు మన కాలు మంచిగ చేస్తరా?"

నాకూ అదే అనుమానం. ఆగి రమ్మనడం కూడా ఏదో నాటకమే అనిపించింది. ఇంకెవరైనా అయితే ఇవాళే చేరమనేవారు కదా, ఈయనెందుకు పొమ్మంటున్నాడు? ఒళ్ళు మండిపోతూ ఆటో ఎక్కాం.

ఆ తర్వాత మేం చూపించుకున్న డాక్టరు మనవాడు. మెడలో ఉద్యమ కండువాతోనే రోగుల్ని చూసేవాడు. సమ్మె శిబిరాల్లో మాట్లాడగా అన్న విన్నాడు. నన్ను చూడగానే "రోడ్డు మీద ఆడి కాలు ఇరగ్గొట్టుకున్నది నువ్వేనా బిడ్డా? ఏం పరేషాన్ గాకు. మంచిగ జేస్త" అని నెత్తి మీద చెయ్యి పెట్టాడు. అన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంగి ఆయన కాళ్ళకు మొక్కాడు.

ఆయన నా కాలు ముందుకు లాగి చూశాడంతే. తిప్పలేదు. నొప్పి పెట్టలేదు. నొప్పి పెట్టని డాక్టరే మంచి డాక్టరని మేమిద్దరం అనుకున్నాం. ఏం ఆడతావని అడగలేదన్న సంగతి నాకప్పుడు తట్టనే లేదు. తట్టినా, మనవాళ్ళు అనుకున్నవాళ్ళ మీద ఏమని అనుమానపడతాం? నడుముకు సూది ఇచ్చి, తొడ వెనక నుంచి నరం తీసి వేశాడు. నేను మెలకువగానే ఉన్నాను. తెర అవతల ఆయన సమ్మె గురించి, రాబోయే రాష్ట్రం గురించి ఉత్సాహంగా మాట్లాడుతూనే పని ముగించాడు. త్వరగా అయిపోయినందుకు అందరం సంబరపడ్డాం.

కాలు నిలబడేదాకా అన్న దగ్గరే ఉన్నాను. చెల్పూర్‌లో వాళ్ళ అద్దె గది, అరుగు, అరుగు మీద రోజూ తుడిచినా రోజూ పేరుకునే బూడిద. వదిన నన్ను మంచం మీద చూసినప్పుడల్లా ఏదో గొణిగేది. ఆమెకూ నా మీద అనుమానమే, పని తప్పించుకోవడానికి పడుకున్నానేమోనని. నేను పళ్ళ బిగువున కాలు లేపడం, వంచడం, తొడ బిగించడం చేసేదాన్ని. ముందు కర్రలు పోయాయి, తర్వాత కుంటు పోయింది. కొన్ని నెలలకు ఫ్యాక్టరీ గోడ వెంట పొద్దున్నే పరుగెత్తడం మొదలుపెట్టాను. చూపించడానికి పోతే డాక్టరు కాలు ముందుకు లాగి, "బండ లెక్కున్నది. పోయి ఆడుకో" అన్నాడు. అన్న ఆ రోజు మొగుళ్లపల్లిలో ఉన్న తన దోస్తులకు కూడా ఫోన్లు చేసి చెప్పాడు.

మానుకోట మైదానంలో మళ్ళీ కూతకు పోయిన రోజు నా సంతోషం చెప్పలేను. గీత దాటి లోపలికి పోయాను, తాకాను, తిరిగాను. మోకాలు పక్కకు జారింది.

పడలేదు. నొప్పి కూడా పెద్దగా లేదు. ఒక్క క్షణం కాలు నా కింద లేదు, అంతే. చూసేవాళ్ళకు నేను తడబడ్డట్టు కనిపించి ఉంటుంది. మళ్ళీ పోయాను, మళ్ళీ జారింది. నేరుగా పరుగెత్తితే ఏమీ కాదు. మెట్లు ఎక్కితే ఏమీ కాదు. తిరిగితే మాత్రం జారుతుంది. ఒకసారి బోరింగు దగ్గర బిందె ఎత్తుకుని పక్కకు తిరిగితే కూడా జారి, బిందె, నేనూ చెరొక దిక్కు పడ్డాం.

ఆటల సారుతో చెప్పాను. ఆయన కాలు అటూ ఇటూ చూసి, "మోకాలు మంచిగనే ఉన్నది. నీ దిమాగ్‌లనే భయం జొచ్చింది" అన్నాడు. మన డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన మళ్ళీ ముందుకు లాగాడు. గట్టిగా ఉంది. "చూడు, ఇంచు గూడ కదులతలేదు. ఒకసారి పడ్డోళ్ళకు గిట్లనే అయితది. భయం బిడ్డా, భయం. ధైర్నంగ ఆడు." వదిన మొహంలో నేను చెప్పలేదా అనే చూపు. చివరికి అన్న కూడా, అందరికంటే నన్ను ఎక్కువ నమ్మినవాడు, "జర ధైర్నం జెయ్యి" అన్నాడు. ఆ మాటతో నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పటి నుంచి నాకు ఎవరి మీదా నమ్మకం లేదు. డాక్టరు తాడే వేయలేదేమోనని అనుమానం. జట్టులో నా చోటు కోసం తోటి పిల్లలే నాకు భయమని ప్రచారం చేస్తున్నారని అనుమానం. ఆఖరికి నా మీద నాకే అనుమానం. నిజంగా భయమేనేమో? ఎదురుగా ఎవరూ లేని చోట, ఖాళీ మైదానంలో, పొద్దున్నే ఒక్కదాన్నే తిరిగి చూసుకున్నాను. పట్టుకునేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు, ఇంక దేనికి భయం? అయినా జారింది. కింద కూర్చుని ఏడ్చాను. జారినందుకు కాదు, జారిందని చెబితే నమ్మేవాళ్ళు లేనందుకు.

ఆ ఏడు ప్రవేశ పరీక్షలో ఆడి చూపించేటప్పుడు మలుపు దగ్గర కాలు మడతపడి బోర్లాపడ్డాను. పరీక్ష పెట్టే సారు జాలిపడి ఇంకోసారి పొమ్మన్నాడు. ఇంకోసారి పడ్డాను. సీటు పోయింది. తండాకు వచ్చి మిరప చేలో యాడి పక్కన కూలికి నిలబడ్డాను.

చేలో వంగి ఉండగానే తోచింది. నా మోకాలిని తిప్పి చూసినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆ తిప్పినప్పుడు వచ్చిన కటుక్కు, ఇప్పుడు నాకు మైదానంలో వస్తున్న కటుక్కు, రెండూ ఒకటే. సాయంత్రం అన్నకు ఫోన్ చేసి, ఆ కోస్తా డాక్టరు దగ్గరికి పోదామన్నాను.

"సచ్చినా ఆ గడప తొక్క," అన్నాడు అన్న. "నిన్ను జూసి నవ్వినోళ్ళ కాడికి మల్ల పోతవా? ఇజ్జత్ లేదా?"

"ఇజ్జత్ మోకాలు తిప్పుతదా? నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోత."

"పో. నన్ను మాత్రం పిలువకు."

పోయాను. డాక్టరు గది ముందు బల్ల మీద కూర్చుని ఉంటే, అన్న పని బట్టలతోనే వచ్చి, నాతో మాట్లాడకుండా పక్కన కూర్చున్నాడు.

డాక్టరుకు మేము గుర్తులేము. ఏం ఆడతావని మళ్ళీ అడిగాడు. పడుకోబెట్టి, మొదట ముందుకు లాగాడు. "ఇది గట్టిగానే ఉందే" అన్నాడు. ఈయన కూడా భయమంటాడు, అయిపోయింది అనుకున్నాను. అప్పుడు మడమ పట్టుకుని లోపలికి తిప్పి, పక్క నుంచి నెడుతూ వంచాడు. కటుక్కుమంది.

"జారుతోంది," అన్నాడాయన. "తిరిగినప్పుడు జారుతుందా నీకు?"

నేను భోరుమన్నాను. నొప్పికని అనుకుని ఆయన చెయ్యి వదిలేశాడు. "నొప్పి గాదు సార్. నిజంగనే జారుతున్నదా? మీ చేతికి గూడ తెలుస్తున్నదా?" అని అడిగాను.

"స్పష్టంగా తెలుస్తోంది."

ఏడాదిగా ఆ ఒక్క మాట కోసం ఎదురుచూశాను. అన్న తల వంచుకున్నాడు.

కొత్తగా తీసిన స్కానింగులు వెలుగు పెట్టెకు తగిలించి ఆయన చూపించాడు. గోడ గడియారం వైపు వేలెత్తి, "తొడ ఎముక కింది కొసలో ఉండే గూడు ఆ గడియారమనుకో. నీ కుడి మోకాల్లో అసలు తాడు పది దగ్గర పుట్టి, ఏటవాలుగా కిందికి దిగేది. ఇది పన్నెండు దగ్గర వేశారు. నిలువుగా దిగింది. కాలి ఎముక ముందుకు రాకుండా ఆపుతుంది. మెలి తిరిగితే ఆపలేదు," అన్నాడు. కింది ఎముకలో వేసిన రంధ్రంలోంచే పైకి వేస్తే తొలిచే బర్మా పోయిన దిక్కునే, అంటే పన్నెండు దగ్గరే, పై రంధ్రం పడుతుందని, పది దగ్గరికి చేరాలంటే మోకాలు బాగా వంచి పక్క నుంచి వేరే దారిన వేయాలని చెప్పాడు.

అన్న ఆ బొమ్మ వైపే చూస్తున్నాడు.

"క్రాస్ గొట్టం లేని పరంజా," అన్నాడు మెల్లగా, నాతోనే, మా మాటలో. "నిలువు గొట్టాలు ఎన్ని పెట్టినా, ఏటవాలుగ క్రాస్ బిగియ్యకుంటే గాలికి మెలివడ్తది. నేను దాని మీద ఒక్క మనిషిని గూడ ఎక్కనియ్య. నిన్ను ఎక్కిచ్చిన."

నాకు అన్న మీద కోపం రాలేదు. వచ్చిన కోపమంతా ఇంకెటో పోయింది. డాక్టరు వైపు తిరిగి, "అయితే ఆ డాక్టరు తప్పు జేసిండా?" అని అడిగాను. ఔనంటే పోయి కొట్లాడాలని నా ఆలోచన.

"తప్పంటే ఎలాగమ్మా?" అన్నాడాయన. "మాకందరికీ మొదట నేర్పింది ఆ పద్ధతే. నేనూ చాలామందికి అలాగే వేశాను. వాళ్ళలో ఎక్కువమంది హాయిగా నడుస్తున్నారు, బళ్ళు తోలుతున్నారు. నువ్వు వచ్చింది నడవడానికి కాదు కదా."

నా అనుమానం ఊరుకుంటుందా? తోటి డాక్టరును వెనకేసుకొస్తున్నాడా, లేక మళ్ళీ కోయడానికి మెత్తగా మాట్లాడుతున్నాడా? నోరు ఆపుకోలేక అనేశాను. "మొదటిసారి వచ్చినప్పుడు మీ మనిషి నా మాట జూసి నవ్విండు సార్. మీరు ఇని గూడ ఏమనలే. మేము అందుకే పోయినం. లేకుంటే ఈ కాలు గప్పుడే మంచిగయ్యేది."

ఆయన తడబడ్డాడు. "నేను వినలేదమ్మా" అన్నాడు. విన్నాడు. నాకు తెలుసు. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత నన్ను ఎప్పుడు పిలిచినా ఆయనే బయటికొచ్చి పిలిచాడు. ఆ అసిస్టెంటు మళ్ళీ మా కంటపడలేదు.

రెండోసారి కోత. మొదటి రంధ్రం దూరంగా ఉండటమే మేలైందట, కొత్తది దానికి తగలకుండా వేయవచ్చట. ఈసారి మోకాలి చిప్ప కింద ఉండే పట్టీ నుంచి ముక్క తీశారు. మళ్ళీ నడుముకు సూది, మళ్ళీ మెలకువ. ఈసారి నేను చెవులు రిక్కించి పడుకున్నాను. ఆయన ఉద్యమం మాట్లాడలేదు, ఏదీ మాట్లాడలేదు. అది కూడా నాకు అనుమానంగానే ఉంది. చివరికి నా కాలు తెర పైకి లేచింది. నాది కానట్టున్న నా పాదాన్ని ఆయన లోపలికి తిప్పి, వంచాడు. మళ్ళీ తిప్పాడు, వంచాడు.

"జారిందా?" అని అరిచాను.

"లేదు," అన్నాడు.

"కసమ్ తోటి?" అని ఒట్టు వేయమన్నాను.

తెర అవతల ఆయన నవ్వడం మొదటిసారి విన్నాను. "కసమ్ తోటి," అన్నాడు. వెక్కిరింపుగా కాదు, నేనన్నట్టే అన్నాడు.

మళ్ళీ చెల్పూర్, మళ్ళీ కర్రలు. ఈసారి వదిన గొణగలేదు. అన్న పని నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా నా చేత కాలు వంచించేవాడు. డాక్టరు తిరగడానికి ఒప్పుకునేదాకా ఎన్నాళ్ళైనా తిరగనివ్వనని కూర్చున్నాడు. తొందరపెట్టింది నేనే, ఆపింది అన్నే.

రాష్ట్రం వచ్చిన రోజు జనగామలో సంబరాలు. అప్పటి జట్లనే పిలిచి మళ్ళీ కబడ్డీ ఆడిస్తామన్నారు. రోడ్డు మీద పెట్టబోతే నేను గొడవచేసి బడి మైదానానికి మార్పించాను. మట్టి తడిపి సాపు చేశారు. రెండో కోత తర్వాత నా మొదటి పెద్ద ఆట అదే. ఆ నెలలోనే ప్రవేశ పరీక్ష. అవతలి మూలన మళ్ళీ ఆ పొడుగు పిల్లే. ఆమె చేతుల మీద నుంచి కళ్ళు తీయకుండా కూతకు పోయాను. తాకాను. ఆమె నా చీలమండ పట్టుకుంది. తిరిగాను. మోకాలు నాతోపాటే తిరిగింది. ఆమె పట్టు జారింది, నేను గీత దాటాను. దాటి చూస్తే మా అన్న కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు. పక్కవాళ్ళు తట్టి చెబితే గానీ తెరవలేదు.

ఆట మధ్యలో ఊపిరి తీసుకోమన్నప్పుడు, మన డాక్టరు వేదిక దిగి వచ్చాడు. ఆ రోజు ముఖ్య అతిథుల్లో ఒకడు. నన్ను గుర్తుపట్టి, వెంట ఉన్నవాళ్ళతో "గీ పిల్ల మోకాలు నేనే జేసిన. చూసిండ్రా, ఎట్ల తిరిగిందో" అన్నాడు సంబరంగా. అన్న దవడలు బిగుసుకున్నాయి. ఒకప్పుడు ఆయన కాళ్ళకు మొక్కిన మనిషి.

డాక్టరు వంగి మోకాలు చూశాడు. చిప్ప మీద నిలువుగా కొత్త మచ్చ. "గిదేంది?"

"మల్ల కోయిచ్చినం సార్," అన్నాడు అన్న.

"ఎవరి దగ్గర?"

అన్న చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గతుక్కుమన్నారు, ఆ రోజు కోస్తా డాక్టరు పేరు అక్కడ చెప్పదగ్గది కాదు. డాక్టరు అందరినీ అవతలికి పొమ్మన్నాడు. గ్యాలరీ మెట్టు మీద నన్ను కూర్చోబెట్టి, తానూ కూర్చున్నాడు. "కాలియ్యి బిడ్డా" అన్నాడు. ఇచ్చాను. మొదటిసారి ఆయన నా మడమ పట్టుకుని లోపలికి తిప్పి, పక్క నుంచి నెట్టి వంచాడు. ఏమీ జారలేదు. మళ్ళీ చేశాడు. జారలేదు.

"నువ్వు వచ్చి జారుతున్నదన్ననాడు నేను గిట్ల జూడలె," అన్నాడు. "లాగి జూసి పంపిన. భయమన్న."

ఆయన కోసమని దాచుకున్న తిట్లు నా దగ్గర ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. "నాకు భయం లేకుండె సార్" అన్నాను.

"లేకుండె," అన్నాడాయన, కాలు వదలకుండానే. "నాకే ఎరుక లేకుండె."

ఆ ఏడు నాకు సీటు వచ్చింది. ఇప్పుడు బళ్ళో ఆటలు నేర్పుతున్నాను. అనుమానం మాత్రం పోలేదు. కడుపునొప్పని మైదానం ఎగ్గొట్టే పిల్లల్ని నమ్మను, కొత్త బంతుల్ని నొక్కి చూడకుండా తీసుకోను, నవ్వుతూ వచ్చే హెడ్మాస్టరును అసలు నమ్మను. కానీ ఏ పిల్లయినా వచ్చి, అందరూ మంచిగుందంటున్నరు టీచర్, తిరిగితే జారుతున్నది అంటే, ఇంకొక్క ప్రశ్న అడగను. ఆ పిల్లను బండెక్కించుకుని పోయి, ఎవరి మాట ఏ యాసలో ఉన్నా సరే, డాక్టరు ముందు కూర్చోబెట్టి చెబుతాను. "లాగి చూస్తే చాలదు సార్, జర తిప్పి చూడుండ్రి."